నమాజులో దరూద్ సరిగ్గా చదవడం, ప్రవక్త ఇంటివారిని ఇంట్లో గౌరవించుకోవడం ఎలా?

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి, బల్లార్షా, రాజురా, కిన్వట్, ధర్మాబాద్ వైపు ఉండే మన తెలుగు ముస్లిం ఇళ్ళ నుంచి ఒకే రకం ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. దరూద్ ఇబ్రాహీం (నమాజులో ప్రవక్త కోసం, ఆయన ఇంటివారి కోసం చేసే వేడుకోలు) నోటికి వచ్చు కానీ సరిగ్గా చదువుతున్నామో లేదో తెలీదు, అందులో "ఆలి ముహమ్మద్" అంటే ఎవరు, తప్పు చదివితే నమాజు పోతుందా, మొహర్రంలో ఏం చేయాలి, ఏం మానాలి. మన దగ్గర ఇబ్బంది ఎక్కడుందంటే ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మసీదులో ఉర్దూ. కిన్వట్, రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి కాబట్టి పెద్దవాళ్ళు తెలుగులో చదువుకున్నారు, ఇప్పటి పిల్లలు మరాఠీ అక్షరాలే చదువుతారు, ఇమాం సాబ్ చెప్పే ఉర్దూ సగమే అర్థమవుతుంది. దాంతో దరూద్ చెవిన పడ్డది పడ్డట్టు నోటికి వచ్చేస్తుంది, తర్వాత సరిచేసేవాళ్ళు ఉండరు.

ముందు ఒక మాట చెప్పాలి. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం కుటుంబాన్ని మనం ఏడాదికోసారి మొహర్రంలోనే తలుచుకుంటున్నామని చాలామంది అనుకుంటారు. నిజానికి హనఫీ పద్ధతిలో (సున్నీ ఆచార పద్ధతుల్లో ఒకటి) ఫర్జ్ (తప్పనిసరి నమాజు), సున్నతె ముఅక్కదా (ప్రవక్త దాదాపు వదలకుండా చదివినవి), విత్ర్ (ఇషా తర్వాతది) కలిపి దరూద్ ఎన్నిసార్లు వస్తుందో లెక్కేయండి: ఫజర్‌లో 2 సార్లు, జుహర్‌లో 3, అసర్‌లో 1, మగ్రిబ్‌లో 2, ఇషాలో 3. అంటే నఫిల్ (ఐచ్ఛిక) నమాజులు వదిలేసినా రోజుకు 11 సార్లు ఆ కుటుంబం కోసం మనం అల్లాహ్‌ను వేడుకుంటున్నాం. వేడుకుంటున్నది ఎవరి కోసమో తెలిసి, మాట సరిగ్గా పలికి వేడుకుంటే బాగుంటుంది. ఈ రాసిందంతా అందుకోసమే.

కావలసినవి

పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, రికార్డింగ్ చేయగల ఫోను, అరబీ అక్షరాలు సరిగ్గా పలికే ఒక మనిషి (ఇమాం సాబ్, మదర్సాలో చదివిన అమ్మాయి, ఖుర్ఆన్ బాగా చదివే నానీ, ఎవరైనా సరే), రోజూ ఫజర్ తర్వాత ఒక పది నిమిషాలు. తెలుగులో రాసుకున్న దరూద్ మొదట్లో పట్టుకోవడానికి పనికొస్తుంది, కానీ దాని మీదే ఆగిపోకండి. అరబీలో సాద్, సీన్ రెండు వేరు, రెండు రకాల హా ఉన్నాయి, ఐన్ వేరు, అలిఫ్ వేరు. మన "స", "హ", "అ" అక్షరాల్లో ఆ తేడా పట్టదు. మరాఠీ అక్షరాల్లో రాసుకున్నా ఇదే కథ. అందుకే మనిషి దగ్గర విని నేర్చుకోవడం తప్పనిసరి.

1. ముందు కుటుంబం ఎవరో ఒక పేజీ రాసుకోండి

నోటు పుస్తకంలో మొదటి పేజీ దీనికే ఇవ్వండి. మధ్యలో ప్రవక్త పేరు. ఒక పక్క ఆయన భార్యలు, అంటే విశ్వాసుల తల్లులు: ఖదీజా, సౌదా, ఆయిషా, హఫ్సా, జైనబ్ బిన్తె ఖుజైమా, ఉమ్మె సలమా, జైనబ్ బిన్తె జహ్ష్, జువైరియా, ఉమ్మె హబీబా, సఫియ్యా, మైమూనా. ఇంకో పక్క పిల్లలు: ఖాసిం, అబ్దుల్లాహ్, ఇబ్రాహీం అని ముగ్గురు కొడుకులు, ముగ్గురూ చిన్నతనంలోనే పోయారు, జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూం, ఫాతిమా అని నలుగురు కూతుళ్ళు. ఫాతిమా పేరు పక్కన భర్త అలీ, కింద హసన్, హుసైన్, జైనబ్, ఉమ్మె కుల్సూం. పెద్ద కూతురు జైనబ్ కింద ఉమామా పేరు మరచిపోకండి. ప్రవక్త నమాజు చదివిస్తూ భుజం మీద ఎత్తుకున్నది ఈ పాపనే. సజ్దాకు (నేలకు నుదురు ఆనించడానికి) వెళ్ళేటప్పుడు కింద దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. మసీదులో పిల్లలు కొంచెం అల్లరి చేస్తే కసురుకునేవాళ్ళు ఈ ఒక్క హదీసు (ప్రవక్త మాటలు, పనుల గురించిన కథనం) గుర్తుపెట్టుకుంటే చాలని నాకు అనిపిస్తుంది.

అహ్లె బైత్‌లో (ప్రవక్త ఇంటివారిలో) ఎవరెవరు వస్తారన్న దాని మీద పండితుల మధ్య చర్చ ఉంది, అందులోకి లోతుగా దిగనక్కర్లేదు. మూడు విషయాలు తెలిస్తే చాలు. ఖుర్ఆన్ 33వ సూరా 33వ ఆయత్‌లో "అహ్లల్ బైత్" అన్న పిలుపు ప్రవక్త భార్యలతో మాట్లాడుతున్న చోట వస్తుంది. ప్రవక్త నల్ల ఉన్ని దుప్పటి కప్పుకుని బయటికి వచ్చి హసన్, హుసైన్, ఫాతిమా, అలీలను అందులోకి తీసుకుని ఇదే ఆయత్ చదివారని హజ్రత్ ఆయిషా చెప్పిన మాట సహీ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. జకాత్ (తప్పనిసరి దానం) తీసుకోవడం నిషిద్ధమైన అలీ, అఖీల్, జాఫర్, అబ్బాస్ వంశాలవారు కూడా అహ్లె బైతేనని హజ్రత్ జైద్ బిన్ అర్ఖమ్ చెప్పారు. సున్నీలు ఈ మూడూ కలిపి చూస్తారు. షియాలు దుప్పటి కిందివారినీ, వారి వంశంలోని ఇమాములనూ ప్రధానంగా తీసుకుంటారు. పెళ్ళిళ్ళకు హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఈ తేడా కనబడితే కంగారుపడకండి, వాదనకూ దిగకండి.

ఈ పేజీ పిల్లలతోనే రాయించండి. సినిమా నటుల పేర్లు గడగడా చెప్పే పిల్లలకు ప్రవక్త కూతుళ్ళ పేర్లు నాలుగూ తెలియకపోతే ఆ లోటు మనదే.

2. దరూద్‌ను ముక్కలుగా నేర్చుకోండి

హజ్రత్ కఅబ్ బిన్ ఉజ్రా చెప్పిన హదీసులో సహాబాలు (ప్రవక్త సహచరులు) ప్రవక్తను అడుగుతారు: మీకు సలాం ఎలా చెప్పాలో తెలిసింది, సలాత్ (అంటే దరూద్) ఎలా పంపాలి అని. అప్పుడు ఆయనే నేర్పిన మాటలు ఇవి. అడిగింది ఆయన ఒక్కరి గురించి, ఆయన నేర్పిన దాంట్లో కుటుంబం కూడా ఉంది. రోజూ చదివే దరూద్‌లో ఈ సంగతి మనకు పట్టదు.

అల్లాహుమ్మ సల్లి అలా ముహమ్మదివ్ వ అలా ఆలి ముహమ్మద్, కమా సల్లైత అలా ఇబ్రాహీమ వ అలా ఆలి ఇబ్రాహీమ, ఇన్నక హమీదుమ్ మజీద్.
అల్లాహుమ్మ బారిక్ అలా ముహమ్మదివ్ వ అలా ఆలి ముహమ్మద్, కమా బారక్త అలా ఇబ్రాహీమ వ అలా ఆలి ఇబ్రాహీమ, ఇన్నక హమీదుమ్ మజీద్.

అర్థం తేలిక మాటల్లో: అల్లాహ్, ఇబ్రాహీం మీద, ఇబ్రాహీం ఇంటివారి మీద కారుణ్యం కురిపించినట్టే ముహమ్మద్ మీద, ముహమ్మద్ ఇంటివారి మీద కురిపించు, నువ్వు స్తుతించదగినవాడివి, ఘనత గలవాడివి. రెండో సగంలో అదే వేడుకోలు, కారుణ్యం బదులు బర్కత్ కోసం.

నాలుగు రోజుల్లో నేర్చుకోవచ్చు. మొదటి రోజు "ఆలి ముహమ్మద్" దాకా. రెండో రోజు "కమా సల్లైత" నుంచి మొదటి "మజీద్" దాకా. మూడో రోజు ఈ రెండూ కలిపి. రెండో సగంలో మారేవి రెండే మాటలు, సల్లి బదులు బారిక్, సల్లైత బదులు బారక్త, కాబట్టి నాలుగో రోజుకు మొత్తం వచ్చేస్తుంది. వయసు మళ్ళినవాళ్ళకు వారం పట్టినా పర్వాలేదు, తొందరపెట్టకండి. ముందే తప్పుగా నోటికి వచ్చినవాళ్ళకు కొత్తవాళ్ళ కంటే ఎక్కువ టైం పడుతుంది, అది మామూలే.

ఇప్పుడు తప్పుల సంగతి. మన వైపు ఎక్కువగా వినబడేవి ఇవి.

"అలా ఆలి" అన్న చోట రెండూ ఒకటే మాట అనుకుని "అలా అలి" అనేస్తారు. మొదటి "అలా" ఐన్‌తో మొదలవుతుంది, గొంతులోంచి రావాలి, "మీద" అని అర్థం. రెండోది అలిఫ్‌తో, "ఆ" సాగాలి, "ఇంటివారు" అని అర్థం. దీన్ని కుదించేస్తే మనం దేని కోసం ఇంత కష్టపడుతున్నామో ఆ మాటే పోతుంది. ఇది హజ్రత్ అలీ పేరు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అదీ సరి కాదు. ఆయన ఆ ఇంటివారిలో ఒకరు, ఈ మాటలో అందరూ వస్తారు.

"సల్లైత"లో "ల్ల" ఒత్తు వదిలేసి "సలైత" అంటారు. ఒత్తు పలకాలి. "స" కూడా సాద్‌తో, నోరు నింపి బరువుగా.

"బారిక్"ను "బరిక్" అంటారు. "బా" సాగాలి. "బారక్త" కూడా అంతే.

"మజీద్"ను "మజిద్" అనో, ఇంకొందరు ఏకంగా "మస్జిద్" అనో చదువుతారు. "జీ" సాగాలి, మధ్యలో "స" లేదు. "హమీద్"లో "హ" గొంతు లోతు నుంచి రావాలి, మనం మామూలుగా పలికే "హ" కాదది.

సల్లైత, బారక్త తారుమారు చేయడం. మొదటి సగం "సల్లి"తో మొదలైతే అందులో "సల్లైత" వస్తుంది, రెండో సగం "బారిక్"తో మొదలైతే "బారక్త" వస్తుంది. మనసు ఎటో పోయినప్పుడు సరిగ్గా ఇక్కడే జారుతుంది.

చివరిది, అన్నిటికంటే ఎక్కువగా వినబడేది: వేగం. తరావీహ్‌లో (రమజాన్ రాత్రి నమాజులో) కొన్ని చోట్ల మొత్తం దరూద్ ఒక్క ఊపిరిలో అయిపోతుంది. "ఇన్నక హమీదుమ్ మజీద్" దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, రెండో సగం మొదలుపెట్టండి.

వచ్చిందో లేదో చూసుకోవడం ఇలా. ఫోనులో మీ గొంతు రికార్డు చేసి, బాగా చదివే ఖారీ రికార్డింగ్ పక్కన పెట్టి వినండి. తర్వాత పనిచేస్తూ, గిన్నెలు తోముతూనో నడుస్తూనో, తడబడకుండా చదవగలుగుతున్నారా చూడండి. ఆఖరి పరీక్ష: ఎవరినైనా మధ్యలో ఒక మాట చెప్పమనండి, "కమా బారక్త" అని చాలు, అక్కడి నుంచి మీరు అందుకోగలగాలి. మొదటి నుంచి మొదలుపెడితే తప్ప రాకపోతే ఇంకా గట్టిపడలేదని అర్థం. ఇంకో వారం చదవండి.

పలకడంలో పొరపాటు వస్తే నమాజు పోతుందేమో అని టెన్షన్ పడేవాళ్ళకు ఒక మాట. నేర్చుకుంటూ ఉన్నప్పుడు వచ్చే తప్పులకు భయపడి చదవడం మానేయకండి. ప్రయత్నిస్తూ చదవండి, నేర్చుకోవడం మాత్రం ఆపకండి.

3. నమాజులో ఎక్కడ చదవాలి

ఆఖరి ఖాయిదాలో, అంటే సలాం తిప్పే ముందు కూర్చున్నప్పుడు. వరస ఇది: అత్తహియ్యాత్ (కూర్చోగానే చదివేది, దీన్నే తషహ్హుద్ అంటారు), తర్వాత దరూద్ ఇబ్రాహీం, తర్వాత "రబ్బనా ఆతినా" లాంటి ఖుర్ఆన్, హదీసు దుఆ ఏదైనా, తర్వాత సలాం.

రెండు రకాతుల (నిలబడడం, వంగడం, సజ్దాలు కలిసిన ఒక చుట్టు ఒక రకాత్) నమాజులో ఒకసారే కూర్చుంటాం, తికమక లేదు. మూడు, నాలుగు రకాతుల్లోనే పొరపాటు జరుగుతుంది. హనఫీ పద్ధతిలో ఫర్జ్, విత్ర్, సున్నతె ముఅక్కదాల్లో రెండో రకాత్ తర్వాత అత్తహియ్యాత్ ఒక్కటే చదివి లేవాలి. మరచిపోయి దరూద్ మొదలుపెట్టి "అల్లాహుమ్మ సల్లి అలా ముహమ్మద్" దాకా వెళ్ళిపోతే సజ్దా సహు (మరపు సరిదిద్దే రెండు సజ్దాలు) చేయాలి, అది ఇలా. ఆఖరి అత్తహియ్యాత్ తర్వాత కుడి వైపు ఒక సలాం తిప్పి, రెండు సజ్దాలు చేసి, మళ్ళీ కూర్చుని అత్తహియ్యాత్, దరూద్, దుఆ చదివి రెండు వైపులా సలాం. అసర్, ఇషా ముందు చదివే నాలుగు సున్నత్ ముఅక్కదా కాదు, నఫిల్ లాంటివి, అందులో మాత్రం మొదటి ఖాయిదాలో కూడా దరూద్ చదువుతారు. ఈ తేడా చాలామందికి తెలీదు.

ఆఖరి ఖాయిదాలో దరూద్ మరచిపోయి సలాం తిప్పేస్తే? హనఫీ ప్రకారం అది సున్నత్, నమాజు అయిపోతుంది, సజ్దా సహు అక్కర్లేదు, కానీ పుణ్యం తగ్గింది. షాఫయీ ప్రకారం ఆఖరి ఖాయిదాలో ప్రవక్త మీద దరూద్ చదవడం తప్పనిసరి, అది లేకపోతే నమాజు కాదు. అహ్లె హదీస్ మిత్రులు చాలామంది మొదటి ఖాయిదాలో కూడా చదువుతారు. షియాలు ప్రతి తషహ్హుద్‌లోనూ "అల్లాహుమ్మ సల్లి అలా ముహమ్మదివ్ వ ఆలి ముహమ్మద్" అంటారు. పక్కవాడు మీకంటే వేరుగా చదివితే సలాం తిప్పగానే వాడి మీద పడకండి. మీ పద్ధతి ఏదో మీ ఇమాం సాబ్‌ను అడిగి దాని మీద నిలబడండి.

జమాత్‌కు ఆలస్యంగా వచ్చినవాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. ఇమాం ఆఖరి ఖాయిదాలో ఉన్నారు, మీకు ఇంకా రకాతులు మిగిలి ఉన్నాయి. అప్పుడు మీరు అత్తహియ్యాత్ మాత్రమే, నెమ్మదిగా, ఇమాం సలాం తిప్పేదాకా సరిపోయేలా చదవండి. ముందే అయిపోతే కలిమా షహాదత్ మళ్ళీ మళ్ళీ అనుకోండి. దరూద్ మీ సొంత ఆఖరి ఖాయిదాలో చదవాలి.

4. జనాజా నమాజులో

ఇది విడిగా రాయడానికి కారణం ఉంది. జనాజా (చనిపోయినవారి కోసం చదివే నమాజు) అప్పుడు వరసలో చాలామంది ఊరికే నిలబడి ఉంటారు, ఏం చదవాలో తెలీక. నాలుగు తక్బీర్లు ("అల్లాహు అక్బర్" అనడం) ఉంటాయి. మొదటి తక్బీర్ తర్వాత సనా (అల్లాహ్ స్తుతి). రెండో తక్బీర్ తర్వాత మీరు నేర్చుకున్న ఇదే దరూద్ ఇబ్రాహీం. మూడో దాని తర్వాత చనిపోయినవారి కోసం దుఆ. నాలుగో దాని తర్వాత సలాం. రుకూ, సజ్దా, అత్తహియ్యాత్ ఏవీ లేవు. జనాజా దుఆ ఇంకా రాకపోయినా దరూద్ వస్తే కనీసం రెండో తక్బీర్ తర్వాత మౌనంగా ఉండక్కర్లేదు. చనిపోయినవారి కోసం అడగడానికి ముందు ప్రవక్త కోసం, ఆయన ఇంటివారి కోసం అడుగుతున్నాం, ఆ వరస మనసులో పెట్టుకుని చదవండి.

5. నమాజు బయట

అజాన్ వినబడగానే ముఅజ్జిన్ అన్న మాటలు మనమూ అనాలి, అయిపోయాక దరూద్, ఆ తర్వాత "అల్లాహుమ్మ రబ్బ హాజిహిద్ దఅవతిత్ తామ్మతి" అని మొదలయ్యే వసీలా దుఆ. మనవాళ్ళు అజాన్ కాగానే నేరుగా దుఆకు వెళ్ళిపోతారు, మధ్యలో దరూద్ వదిలేస్తారు. ఒక్కసారి దరూద్ పంపినవారి మీద అల్లాహ్ పది సార్లు కారుణ్యం పంపుతాడని సహీ ముస్లింలో ఉన్నది ఈ అజాన్ హదీసులోనే.

దుఆ అడిగే ముందు అల్లాహ్‌ను స్తుతించి, దరూద్ చదివి, ఆ తర్వాత మీ అవసరం చెప్పుకోండి. కొలువు కావాలన్నా, పిల్లకు జ్వరం తగ్గాలన్నా ఇదే వరస. జుమా రోజు ఎక్కువగా చదవండి, లెక్క పెట్టుకోవాలన్న నియమం లేదు. పేరు వినబడినప్పుడల్లా "సల్లల్లాహు అలైహి వసల్లం" అనండి, కుటుంబాన్ని కూడా కలుపుకోవాలంటే "సల్లల్లాహు అలైహి వ ఆలిహీ వసల్లం". రాసేటప్పుడు ఒక్క అక్షరంతో సరిపెట్టకండి, కనీసం మొదటిసారి వచ్చినప్పుడైనా పూర్తిగా రాయండి.

ఇక తస్బీహె ఫాతిమా. ఇంటి పనితో అలిసిపోయే ఆడవాళ్ళు దీని వెనక కథ తప్పకుండా తెలుసుకోవాలి. తిరగలి తిప్పి తిప్పి చేతులు నొప్పెడుతుంటే హజ్రత్ ఫాతిమా తండ్రిని పనిమనిషి కోసం అడగడానికి వెళ్ళారు. ఆయన రాత్రి వాళ్ళింటికే వచ్చి, అడిగిన దాని కంటే మంచిది చెబుతానని, పడుకునే ముందు సుబ్హానల్లాహ్ 33, అల్హందులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34 సార్లు అనమని కూతురికీ అల్లుడికీ నేర్పారు. సిఫ్ఫీన్ యుద్ధపు రాత్రి కూడా తాను దీన్ని వదల్లేదని హజ్రత్ అలీ తర్వాత చెప్పారు. జపమాల లేకపోతే వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టండి. పడుకున్నాకే గుర్తొస్తే పడుకునే చదవండి. పిల్లలతో కలిసి అందరూ వినేట్టు చదివితే వాళ్ళకు కూడా అలవాటవుతుంది.

6. పేర్లకు గౌరవం

ఇది చిన్న విషయంలా కనబడుతుంది, కానీ బయాన్ (మతప్రసంగం) చెప్పేవాళ్ళు కూడా తప్పు చేస్తారు. పేరు తర్వాత మగవారైతే "రజియల్లాహు అన్హు" (అల్లాహ్ ఆయనతో సంతోషించుగాక), ఆడవారైతే "అన్హా", ఇద్దరైతే "అన్హుమా", ముగ్గురూ అంతకన్నా ఎక్కువైతే "అన్హుమ్". కాబట్టి ఫాతిమా రజియల్లాహు అన్హా; హసన్, హుసైన్ రజియల్లాహు అన్హుమా. "ఫాతిమా రజియల్లాహు అన్హు" అనడం తప్పు. కొందరు అహ్లె బైత్ పేర్లకు "అలైహిస్సలాం" వాడతారు, షియాల్లో అదే వాడుక, సున్నీ పాత పుస్తకాల్లో కూడా అక్కడక్కడా కనిపిస్తుంది. దీని మీద గొడవ పెట్టుకోవడం అనవసరం. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఉత్త "ఫాతిమా" అనకుండా "ఫాతిమా బీబీ", "హజ్రత్ హుసైన్" అనడం అలవాటు చేయండి.

7. మొహర్రం పది రోజులు

ఈ భాగం జాగ్రత్తగా చదవండి, ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే.

ఉపవాసం: మొహర్రం 9, 10 లేదా 10, 11 తేదీల్లో ఉండండి. ఆషూరా (మొహర్రం పదో తేదీ) రోజా, ప్రవక్త మనవడు హుసైన్ అమరుడైన కర్బలా ఘటన కంటే ముందునుంచీ ఉంది. మూసా అలైహిస్సలాంను అల్లాహ్ కాపాడిన రోజని ప్రవక్త స్వయంగా ఉపవాసం ఉన్నారు, వచ్చే ఏడాది తొమ్మిదో తేదీ కూడా ఉంటానన్నారు. కర్బలా ఘటన హిజ్రీ 61లో, అంటే 680లో, అదే పదో తేదీన జరిగింది. రోజాకు, ఆ షహాదత్‌కు కారణాలు వేరు. పిల్లలకు రెండూ చెప్పండి, కలిపేయకండి. షియాలు ఆ రోజు రోజా ఉండరు, సాయంత్రం దాకా అన్నపానాలు మాని దుఃఖంలో ఉంటారు. వాళ్ళ పద్ధతి వాళ్ళది.

పీర్లు: మన పల్లెల్లో ఆలంలు (పీర్ల జెండాలు) లేపుతారు, హిందూ ఇళ్ళవాళ్ళు కూడా మలీదా, షర్బత్ తెస్తారు. ఇమాం హుసైన్ పేరు మీద ఊరంతా ఒకచోట చేరే ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఒక హద్దు ఉంది. సజ్దా అల్లాహ్‌కే. కొడుకు పుట్టాలని, కేసు గెలవాలని అడగాల్సింది అల్లాహ్‌నే. ప్రవక్తే తన కూతురితో అన్నారు: ఫాతిమా, నా సొమ్ములో ఏం కావాలో అడుగు, అల్లాహ్ ముందు మాత్రం నీకు నేను అక్కరకు రాలేను అని. అంతటి తండ్రి తన సొంత బిడ్డకు గీసిన హద్దు మనకు వర్తించదా? ఇంట్లో తాతయ్యకు ఇది చెప్పాలంటే పీర్ల దగ్గర అందరి ముందు చెప్పకండి. ఇంట్లో కూర్చోబెట్టి, ముందు దరూద్ కలిసి చదివి, తర్వాత నెమ్మదిగా చెప్పండి. ఆయన మనసులో ఉన్నది ప్రేమ, దాన్ని ఎగతాళి చేస్తే ఆయనా వినరు, మీకూ మంచిది కాదు.

దానికి బదులు చేయగలిగినవి చాలా ఉన్నాయి. దారిన పోయేవాళ్ళకు మంచినీళ్ళ సబీల్ పెట్టండి. కర్బలాలో ఆ కుటుంబానికి నీళ్ళు అందనివ్వలేదు, ఆ పేరు మీద నీళ్ళు పోయడం కంటే తగిన పని ఏముంటుంది. బొగ్గు గనుల షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ దారిలో పెడితే ఇంకా మేలు. ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని హజ్రత్ హుసైన్ జీవితం తెలుగులో చెప్పుకోండి, ఒక్క చివరి రోజే కాకుండా ప్రవక్త వీపు మీద ఎక్కిన చిన్నప్పటి నుంచి. సజ్దాలో ఉండగా మనవడు వీపెక్కితే, బాబు తనంతట తాను దిగేదాకా ఆయన సజ్దా పొడిగించారు. పిల్లలకు ఇది ఎంత నచ్చుతుందో చూడండి.

8. సయ్యద్ కుటుంబాలు, జకాత్

రమజాన్‌లో తెలియక జరిగే తప్పు ఇది. ప్రవక్త వంశంవారికి (వీరినే సయ్యదులు అంటారు) జకాత్ చెల్లదు. చిన్న హసన్ జకాత్ ఖర్జూరం ఒకటి నోట్లో పెట్టుకుంటే ప్రవక్త వెంటనే ఉమ్మేయించి, మనం సదఖా తినమని తెలీదా అన్నారు. మీ ఊళ్ళో సయ్యద్ కుటుంబం కష్టంలో ఉంటే వాళ్ళను వదిలేయమని దీని అర్థం కాదు. జకాత్ డబ్బు వేరే పేదలకు ఇచ్చి, వీళ్ళకు మీ సొంత డబ్బులోంచి హదియాగా (కానుకగా) ఇవ్వండి. జకాత్, ఫిత్రా కవర్లు ఒకవైపు, హదియా ఒకవైపు ముందే వేరు చేసి పెట్టుకుంటే కలిసిపోవు. ఇచ్చే ముందు "మీరు సయ్యదులా" అని నలుగురిలో అడగకండి, ఇంటి పెద్దను పక్కకు పిలిచి మెల్లగా అడగండి. ఇచ్చేటప్పుడు కూడా పైచేయి చూపించకుండా, "మీ పిల్లలకు పండగ బట్టలకు ఉంచండి భాయ్" అని ఇవ్వండి. పెద్దమనిషి అయితే "చాచా" అనండి. అలాగని సయ్యద్ ఇంట్లో పుట్టినవాళ్ళు ఏం చేసినా చెల్లుతుందని కాదు. తన కూతురు ఫాతిమా దొంగతనం చేసినా శిక్ష తప్పదని ప్రవక్త అన్నారు.

ఇంకా అడిగేవి కొన్ని

వుజూ లేకుండా దరూద్ చదవొచ్చా? నమాజు బయట చదవొచ్చు, ఉంటే మంచిది. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు? నమాజు ఉండదు, దరూద్, తస్బీహ్, దుఆ నిరభ్యంతరంగా చదువుకోవచ్చు, కాబట్టి ఆ రోజుల్లో అజాన్ వినబడినప్పుడు దరూద్ వదలకండి. "సయ్యిదినా" అని పేరు ముందు కలపొచ్చా? నమాజు బయట అనడంలో ఇబ్బంది లేదు, నమాజులో కలపడం మీద పండితుల్లో భేదం ఉంది, నేర్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు చదవడం నాకు ఇష్టం. ఉర్దూ అసలు రాదు, ఎలా? దరూద్ అరబీలో ఉంటుంది, ఉర్దూ అక్కర్లేదు. అర్థం పైన రాసింది తెలుగులోనే నేర్చుకోండి, మీ దుఆ కూడా నమాజు తర్వాత తెలుగులోనే చేసుకోండి.